గుంటలు లెక్కపెట్టినవాళ్ళు

కెనడాలో నీటిపక్షులను కాపాడుకున్న కథను ఎక్కువమంది చట్టాల వరుసలో చెబుతారు. 1887లో, ఇప్పటి సస్కాచువాన్‌లో ఉన్న లాస్ట్ మౌంటెన్ సరస్సు ఉత్తరపు కొసను ప్రభుత్వం పక్షుల కోసం విడిచిపెట్టింది. ఉత్తర అమెరికా ఖండంలో కేంద్ర ప్రభుత్వం పక్షులకు కేటాయించిన మొదటి చోటు అది. 1916లో కెనడా తరఫున బ్రిటన్ అమెరికాతో వలస పక్షుల ఒడంబడిక చేసుకుంది. మరుసటి ఏడాది దాన్ని అమలుచేసే చట్టం ఒట్టావాలో వచ్చింది. ఇవి పెద్ద అడుగులే. అయితే ఆ చట్టం కాపాడింది పక్షిని, దాని గూడును, గుడ్డును. ఆ గూడు ఏ నీటి ఒడ్డున ఉందో ఆ నీటి జోలికి అది పోలేదు. నేల మీద, నీటి మీద పెత్తనం చాలాచోట్ల ప్రావిన్సులది. పొలంలో ఉన్న గుంట రైతుది. వేట కాలం కానప్పుడు బాతును చంపితే జరిమానా పడేది. అదే బాతు పిల్లలను పెంచే గుంటకు కాలవ తవ్వి ఎండగడితే అడిగేవాడు లేడు సరికదా, మంచి సేద్యగాడన్న పేరు వచ్చేది. అంచేత గుంట బతకాలంటే దాని యజమాని మనసు మారడం తప్ప వేరే దారి లేదు. గుంటల గురించి జనానికి చెప్పే పని కెనడాలో అవసరం కొద్దీ పుట్టింది ఇందుకే. ఇంచుమించు నూట ఇరవై ఏళ్ళ ఆ ప్రయత్నాన్ని వరుసగా చూస్తే నాకు ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. జనానికి చెప్పి ఊరుకున్న చోట పాఠం నిలవలేదు. లెక్కపెట్టమనో, కబురు పంపమనో, పెంచమనో జనాన్నే ఏదో ఒకటి అడిగిన చోట నిలిచింది.

ఆ గుంటలు ఎలాంటివో ముందు తెలియాలి. మానిటోబా, సస్కాచువాన్, ఆల్బర్టా మైదానాల్లో దాదాపు పదివేల ఏళ్ళ కిందట మంచు పలకలు కరిగి వెనక్కి తగ్గుతూ నేలంతా గుంటలు చేసి పోయాయి. అవి లక్షల్లో ఉన్నాయి. అక్కడి రైతులు వాటిని స్లూలంటారు. వసంతంలో మంచు కరిగి నిండుతాయి, చిన్నవి ఆగస్టుకల్లా ఎండిపోతాయి. మన చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. తవ్వించినవాడి పేరు శాసనంలో ఉంటుంది. దాని కింద ఆయకట్టు పండుతుంది. స్లూను ఎవరూ తవ్వలేదు, దాని నీటితో ఏ పంటా పండదు. పైగా దున్నేటప్పుడు ప్రతిసారీ దాన్ని చుట్టి పోవాలి. కాబట్టి ఊరికి చెరువు మీద ఉండే మమకారం స్లూ మీద పుట్టడానికి కారణమే లేదు. కానీ బాతుకు ఆ చిన్న లోతులేని గుంటే ప్రాణం. పెద్ద సరస్సు ఇంకా గడ్డకట్టి ఉండగానే ఇది వేడెక్కుతుంది, పురుగులతో నిండుతుంది, గుడ్లు పెట్టబోయే ఆడబాతుకు కావలసిన మాంసకృత్తులు అక్కడే దొరుకుతాయి. ఖండంలోని బాతుల్లో సగానికి పైగా ఈ గుంటల నేలలోనే పుడతాయి. ఏటా ఎండిపోయే గుంట దేనికీ పనికిరాదని రైతు అనుకోవడం సహజం. కానీ ఎండిపోవడమే దాని బలం కూడా. ఎండే గుంటలో చేప ఉండదు, చేప లేని నీటిలో కప్పపిల్లలు బతికి బయటపడతాయి. చలికాలంలో ఒళ్ళు గడ్డకట్టిపోయి వసంతంలో మళ్ళీ కదిలే వుడ్ ఫ్రాగ్ అనే కప్ప గుడ్లు పెట్టేది ఇలాంటి నీళ్ళలోనే. ఇది కంటికి తెలిసే సంగతి కాదు, ఒకరు చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే మొదటినుంచీ చిక్కు.

ఆ చిక్కును మొదట విప్పినవాడు శాస్త్రజ్ఞుడు కాదు. ఒంటారియో దక్షిణపు కొసన, ఈరీ సరస్సు దగ్గర కింగ్స్‌విల్‌లో జాక్ మైనర్ ఇటుకలూ, పొలాల్లో నీరు తీసే మట్టి గొట్టాలూ చేసి అమ్మేవాడు. 1865లో అమెరికాలోని ఒహాయోలో పుట్టి, 1878లో కుటుంబంతో ఇక్కడికి వచ్చాడు. పెద్దయ్యేదాకా చదవడం రాదు, మంచి వేటగాడు. గుంటలను ఎండగట్టే గొట్టాలు చేసే మనిషే 1904లో మట్టి తీసిన గోతుల్లో నీరు నింపి, రెక్కలు కత్తిరించిన పెంపుడు పెద్దబాతులను వదిలి, అడవి బాతుల కోసం కాచుకున్నాడు. నాలుగేళ్ళు ఏదీ దిగలేదు. 1908లో మొదటి గుంపు దిగింది, ఆ తర్వాత వేలల్లో వచ్చాయి. మైనర్ ఉపన్యాసాలు ఖండమంతా పేరు మోశాయి. ఆయన పుస్తకం 1923లో వచ్చింది. ఆయన పోయాక 1947లో పార్లమెంటు ఆయన పుట్టినరోజు వచ్చే ఏప్రిల్ వారాన్ని జాతీయ వన్యప్రాణి వారంగా చట్టం చేసింది. కానీ నా ఉద్దేశంలో ఈ ఉపన్యాసాలన్నిటికంటే గొప్ప పని ఆయన 1909లో చేసిన చిన్న పని. ఒక బాతు కాలికి తన చిరునామా కొట్టిన రేకుపట్టీ తొడిగి వదిలాడు. కొన్ని నెలల్లో అది దక్షిణ కరోలినాలో ఒక వేటగాడి చేతికి చిక్కింది, అతను పట్టీ సంగతి రాసి పంపాడు. తర్వాతి ఏళ్ళలో మైనర్ ఆ పట్టీల మీద బైబిలు వాక్యాలు కూడా కొట్టించాడు. ఉత్తరాన హడ్సన్ అఖాతం ఒడ్డున ఆదివాసీ వేటగాళ్ళు ఆ పట్టీలను మిషనరీల చేతికిస్తే, అవి మళ్ళీ కింగ్స్‌విల్‌కు చేరేవి. తుపాకీ పట్టిన మనిషిని ఆయన నిందించలేదు. నీ చేతిలో ఉన్న పక్షి ఎక్కడ పడిందో నాకు రాయి అని అడిగాడు. ఇంగ్లీషు చదువుకున్న పట్నవాసి, చదువురాని వేటగాడు ఒకే పనిలో భాగస్తులయ్యారు. కింగ్స్‌విల్‌లోని ఇటుక గోతికీ హడ్సన్ అఖాతానికీ నడుమ ఉన్న దారి అలా తెలిసింది.

మైనర్ గురించి చెప్పేటప్పుడు ఒక అభ్యంతరాన్ని దాటవేయకూడదు. ఆయన గద్దలను, గుడ్లగూబలను, కాకులను పగవాళ్ళలా చూశాడు. వలపన్ని చంపాడు, చంపమని సభల్లో చెప్పాడు. పక్షి శాస్త్రజ్ఞులు అప్పట్లోనే దీన్ని తప్పుపట్టారు. జనానికి పాఠం చెప్పే మనిషికే తప్పుడు పాఠం తెలిసి ఉంటే ఆ తప్పు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఆయనే ఉదాహరణ. అయినా ఒక తేడా గమనించాలి. గద్దల మీద ఆయన చెప్పిన మాట ఆయన అభిప్రాయం. దాన్ని శాస్త్రం తోసిపుచ్చింది, ఈ రోజు ఎవరూ పాటించరు. పట్టీల మీద వచ్చిన కబురు ఆయన అభిప్రాయం కాదు, వందలమంది అక్కరతో పంపిన సాక్ష్యం. గురువు పొరపడినా సాక్ష్యం చెడదు. అడిగి తెలుసుకునే పద్ధతికి ఉన్న ఈ గుణం చెప్పి ఊరుకునే పద్ధతికి లేదు.

1930లలో ఒకే జంతువు చుట్టూ రెండు రకాల ప్రయత్నాలు ఒకేసారి జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ జంతువు బీవర్. వాగుకు అడ్డంగా కొమ్మలు, మట్టి పేర్చి తనంతట తాను చెరువు కట్టుకునే జీవి అది. బీవర్ పోతే దాని కట్ట తెగి, దాని వెనకున్న మడుగు ఇంకిపోతుంది. దాన్ని నమ్ముకున్న బాతు, కప్ప, దుప్పి, నీటి కుక్క కూడా చెదిరిపోతాయి. టోపీల కోసం, బొచ్చు కోసం మూడు వందల ఏళ్ళు సాగిన వేటలో ఆ శతాబ్దం మొదటికి చాలాచోట్ల బీవర్ కనిపించడం మానేసింది. 1931లో జాతీయ ఉద్యానాల శాఖ గ్రే అవుల్ అనే మనిషిని పనిలో పెట్టుకుంది. ఆయన మొదట రైడింగ్ మౌంటెన్‌లో, తర్వాత ప్రిన్స్ ఆల్బర్ట్ ఉద్యానంలో అజావాన్ సరస్సు ఒడ్డున బీవర్లతో ఒకే గుడిసెలో ఉంటూ పుస్తకాలు రాశాడు, సినిమాల్లో కనిపించాడు, రెండుసార్లు బ్రిటన్ అంతా తిరిగి సభల్లో మాట్లాడాడు. 1938లో ఆయన చనిపోయాకగానీ ఆదివాసీ వేషంలో ఉన్నది ఆర్చిబాల్డ్ బెలానీ అనే ఇంగ్లీషువాడని లోకానికి తెలియలేదు. ఆయన మాటల బలాన్ని నేను తక్కువ చేయను. బీవర్ పట్ల జాలి అన్నది పట్నాల్లో పుట్టింది చాలామటుకు ఆయన వల్లే. కానీ లండన్‌లో ఆయన సభకు వెళ్ళివచ్చిన శ్రోతకు చేయడానికి పని ఏదీ లేదు. కన్నీరు తుడుచుకుని ఇంటికి పోవడమే.

అదే కాలంలో జేమ్స్ బే తూర్పు ఒడ్డున రూపర్ట్ హౌస్‌లో, నేటి పేరు వాస్కగనిష్, హడ్సన్ బే కంపెనీ దుకాణం నడిపే జేమ్స్ వాట్ వేరే దారి పట్టాడు. బీవర్లు లేక అక్కడి ఆదివాసులైన క్రీ కుటుంబాలు ఆకలితో ఉన్నాయి. ఆయన బతికి ఉన్న బీవర్‌కు వెల కట్టాడు. ఫలానా వాగులో ఫలానా గూడు ఉందని చెప్పి దాన్ని చంపకుండా వదిలిన వేటగాడికి డబ్బిచ్చాడు. ఆయన భార్య మోడ్ వాట్ చలికాలంలో చాలా దూరం ప్రయాణం చేసి క్యుబెక్ ప్రభుత్వాన్ని ఒప్పించింది. 1932లో దాదాపు 7,200 చదరపు మైళ్ళ నేల బీవర్ల కోసం కంపెనీకి కౌలుకు వచ్చింది. అక్కడ కాపలా కాసింది బయటి పోలీసులు కాదు. తరతరాలుగా ఆ వేటనేలల మీద పెత్తనం ఉన్న క్రీ పెద్దలే ఒక్కో గూడును లెక్కపెట్టి పటం మీద గుర్తు పెట్టేవారు. లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి వాళ్ళను టాలీమన్ అన్నారు. బీవర్లు పెరిగాయి, ఈ పద్ధతి ఇతర ప్రాంతాలకూ పాకింది. 1975లో జేమ్స్ బే, ఉత్తర క్యుబెక్ ఒప్పందం రాసుకున్నప్పుడు ఆ టాలీమన్ హోదా చట్టం మాటగా అందులోకి ఎక్కింది. క్రీలకు బీవర్ గురించి కంపెనీ నేర్పింది ఏమీ లేదన్న అభ్యంతరం ఇక్కడ నిజమే, దాన్ని నేను ఒప్పుకుంటాను. వాళ్ళకు ఆ జ్ఞానం ముందే ఉంది. బయటి వేటగాళ్ళు వచ్చి దోచుకుపోతుంటే దాన్ని అమలుచేసే అధికారం మాత్రం లేకపోయింది. లెక్క రాసే పని వాళ్ళకు ఇవ్వడం వల్ల ఆ అధికారం కొంతైనా తిరిగివచ్చింది. జనచైతన్యం అన్న పేరుతో బయటినుంచి వచ్చే మనిషి ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే: తాను చెప్పబోయేది ఎదుటివాడికి ముందే తెలిసి ఉండవచ్చు.

ఇక మైదానాల స్లూల దగ్గరికి. 1930ల కరువులో గుంటలన్నీ ఎండి, దుమ్ము తుపానులు రేగి, బాతుల గుంపులు కళ్ళెదుటే పలచబడ్డాయి. అమెరికా వేటగాళ్ళకు ఒక విషయం అర్థమైంది: తాము శీతాకాలంలో కాల్చే బాతుల్లో ఎక్కువ పుట్టేది కెనడాలో. 1935లో వాళ్ళ సంస్థ ఒకటి విమానాలతో, నేలమీద మనుషులతో బాతుల లెక్క తీయించింది. 1937లో అమెరికాలో డక్స్ అన్‌లిమిటెడ్ ఏర్పడింది, 1938లో విన్నిపెగ్‌లో దాని కెనడా సంస్థ మొదలైంది. అమెరికాలో పోగైన చందాలతో కెనడా గుంటల్లో నీరు నిలపడం దాని పని. మొదటి పని మానిటోబాలోని బిగ్ గ్రాస్ మార్ష్. 1909 నుంచి 1916 దాకా దానికి కాలవలు తవ్వి ఎండగట్టి సాగునేల చేయాలని చూశారు. నేల పండలేదు, సేద్యం గిట్టక జనం వదిలేశారు. అదే కాలవలకు అడ్డుకట్టలు వేసి సంస్థ తిరిగి నీరు నిలిపింది, దానికి మొదటి నంబరు బాతుల కార్ఖానా అని పేరు పెట్టింది. సంస్థను నడిపిన టామ్ మెయిన్ రైల్వేలో నీటి సరఫరా చూసిన ఇంజినీరు. కట్ట కట్టడం ఎంత తేలికో, దాన్ని రైతు తెంపకుండా చూడటం ఎంత కష్టమో తెలిసినవాడు. ఆ ఏళ్ళలోనే కేంద్ర ప్రభుత్వం కరువు నేలల కోసం పెట్టిన శాఖ రైతులకు పశువుల నీళ్ళ కోసం డగౌట్లనే గోతులు తవ్వడంలో సాయం చేస్తోంది. కాబట్టి బాతు కోసమని అడగకుండా, బావిలో నీరు, ఎండుగడ్డి, పశువుల తొట్టి అని మాట కలపడానికి వీలైంది.

అయితే ఆ సంస్థ చేసిన పనుల్లో నాకు ముఖ్యంగా కనిపించేది కట్టలు కాదు, కీమన్‌లు. మైదానాలంతటా రైతులను, ఊళ్ళో దుకాణదారులను, రైల్వే స్టేషను ఉద్యోగులను స్వచ్ఛందంగా చేర్చుకుని, వాళ్ళకు ఆ పేరు పెట్టి, తమ దగ్గరి గుంటల్లో నీరెంత ఉందో, బాతులు ఎన్ని వచ్చాయో, పిల్లలు ఎన్ని తేలాయో రాసి పంపమని అడిగింది. ఆ అంకెలు శాస్త్రానికి సరిపోయేంత ఖచ్చితం కావన్న విమర్శ అప్పుడే ఉంది, అది సబబే. ఆకాశం నుంచి పద్ధతిగా తీసే లెక్కలు తర్వాత వచ్చి ఆ లోటు తీర్చాయి. కానీ కీమన్ పంపిన కాగితం విలువ అందులోని అంకెతోనే ఆగదు. ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి తన పొలంలోని గుంట ఒడ్డుకు వెళ్ళి నిలబడి లెక్కపెట్టిన రైతుకు అది ఇక దున్నడానికి అడ్డొచ్చే గోయి మాత్రమే కాదు. దాని మీద అతనికి ఒక నివేదిక ఉంది, దాన్ని అడిగే ఆఫీసు ఒకటి విన్నిపెగ్‌లో ఉంది. నేను చదివిన చరిత్రలో గుంటకు యజమాని కళ్ళలో ఒక గౌరవం కలిగించిన తొలి ఏర్పాటు ఇదే అనిపిస్తుంది.

ఇదంతా వేటగాళ్ళు తమ వేట కోసం చేసింది కదా, దీన్ని వన్యప్రాణి ప్రేమ అని ఎలా అనాలి అని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ స్వార్థం నిజమే. బాతును ఎక్కువ కాల్చడానికే ఎక్కువ పుట్టించమన్నారు. కానీ నిలిచిన నీరు బాతుకు ఒక్కదానికే అందదు. నల్ల టెర్న్ పక్షి, చిరుత కప్ప, తూనీగ, మస్క్‌రాట్ ఎవరి చందా కట్టకుండానే ఆ జమ్ములో బతికాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే అభ్యంతరం: వేటగాళ్ళు తగ్గిపోయినప్పుడు ఆ డబ్బు, ఆ మనుషులు కూడా తగ్గిపోతారు. అందుకే ఆ పాఠం తుపాకీ పట్టని పట్నవాసి దగ్గరికి చేరవలసి వచ్చింది. చేర్చే బాధ్యతను ఆ తర్వాత ప్రభుత్వం తీసుకుంది.

1963లో కెనడా వన్యప్రాణి శాఖ, జాతీయ సినిమా మండలి కలిసి హింటర్‌లాండ్ హూస్ హూ అనే నిమిషం నిడివి టీవీ ముక్కలు తీశాయి. బీవర్, లూన్ పక్షి వంటి వాటి గురించి, ఫ్లూటు పాటతో. ఒక తరం కెనడియన్లకు ఆ ఫ్లూటు వినగానే చిన్నతనం గుర్తుకొస్తుంది. 1960ల చివర యార్క్ ఎడ్వర్డ్స్ ఆధ్వర్యంలో ఆ శాఖ దేశం ఈ కొసనుంచి ఆ కొసకు వన్యప్రాణి వివరణ కేంద్రాలు కట్టడం మొదలుపెట్టింది. ఒంటారియోలో మిడ్‌లాండ్ దగ్గర వై మార్ష్, బ్రిటిష్ కొలంబియాలో క్రెస్టన్ లోయ, సస్కాచువాన్‌లో వెబ్ వంటివి ఆ వరుసలోవి. బడిపిల్లలు బస్సుల్లో వచ్చేవాళ్ళు, చెక్క నడకదారి మీద నడిచి, బురదలో వలవేసి పురుగులు పట్టి చూసేవాళ్ళు. మంచి పని. 1984లో కొత్త ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవడంలో శాఖ ఈ కేంద్రాల నుంచి తప్పుకుంది. ఆపమని ప్రజల నుంచి నిరసన వచ్చింది, కానీ అది చాలలేదు. ఇరవై ఏళ్ళలోపే ఒక ప్రభుత్వ నిర్ణయంతో ఆ పాఠశాల మూతపడగలిగింది. కారణం నాకు ఒకటే కనిపిస్తుంది: వచ్చినవాళ్ళు చూసి వెళ్ళినవాళ్ళు. అక్కడ తమ పని అంటూ ఏదీ ఉన్నవాళ్ళు కారు.

వై మార్ష్ మిగిలింది. ఆ ఊరివాళ్ళే సంఘంగా ఏర్పడి దాన్ని చేతికి తీసుకున్నారు. తర్వాత అక్కడికి వచ్చిన పని, ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒంటారియోలో ట్రంపెటర్ హంసను చివరిసారి 1886లో లాంగ్ పాయింట్ దగ్గర కాల్చారు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఆ పక్షి ఆ ప్రావిన్స్‌లో లేదు. ప్రభుత్వ జీవశాస్త్రజ్ఞుడు హ్యారీ లమ్స్‌డెన్ 1982లో దాన్ని తిరిగి తేవడానికి పూనుకున్నాడు. పశ్చిమాన ఆల్బర్టా నుంచి గుడ్లు తెప్పించి, ఇక్కడ వేరే జాతి హంసల కింద పొదిగించాడు. పిల్లలను పెంచడానికి పెద్ద సంస్థ ఏదీ లేదు. పొలంలో చెరువు ఉన్నవాళ్ళను, ఇంటివెనక కుంట ఉన్నవాళ్ళను అడిగాడు. ఒక జత హంసలను పెట్టుకుంటారా, కంచె వేస్తారా, చలికాలంలో నీరు గడ్డకట్టకుండా బుడగలు తేలే యంత్రం పెడతారా అని. వాళ్ళు సరే అన్నారు, ఏళ్ళతరబడి తమ ఖర్చుతో మేత పెట్టారు. 1988 నుంచి వై మార్ష్ అందులో పెద్ద చెయ్యి వేసింది. రెక్కకు పసుపుపచ్చ అంకె తొడిగిన హంస ఎక్కడ కనిపించినా చూసినవాళ్ళు కబురు చేసేవారు. మైనర్ పట్టీ లాంటిదే, కాకపోతే పక్షిని చంపకుండానే చదవచ్చు. అడుగున పేరుకున్న సీసపు గుళ్ళను మింగి హంసలు విషం ఎక్కి చనిపోతుంటే, ఆ సంగతి జనానికి కంటికి కనిపించే రుజువుతో తెలిసింది. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళను 1999లో దేశమంతటా నిషేధించారు. ఇప్పుడు ఒంటారియోలో ఆ హంసలు వెయ్యి దాటాయి, మనిషి సాయం లేకుండా పెరుగుతున్నాయి. వందేళ్ళు లేని పక్షి తిరిగి వచ్చిందంటే, అందులో ప్రభుత్వ ఆజ్ఞకంటే చిన్న చెరువుల యజమానుల చేతి పనే ఎక్కువ.

చెప్పడం ఒకటే చాలదనడానికి మానిటోబాలోని ఓక్ హామక్ మార్ష్ కూడా పనికొస్తుంది, కాకపోతే అక్కడి కథ చిక్కుగా ఉంటుంది. ఒకప్పుడు 47,000 హెక్టార్లున్న ఆ చిత్తడి 1960లకు కొన్ని పదుల హెక్టార్లకు కుదించుకుపోయింది. తర్వాత కట్టలు వేసి 36 చదరపు కిలోమీటర్ల మేర తిరిగి నిలిపారు. 1990ల మొదట్లో డక్స్ అన్‌లిమిటెడ్ కెనడా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని, పెద్ద వివరణ కేంద్రాన్ని ఆ చిత్తడి ఒడ్డునే కట్టబూనింది. పక్షుల కోసం నిలిపిన నేలలో మనిషి భవనమేమిటని ప్రకృతి ప్రేమికులు కోర్టుకు వెళ్ళారు. భవనం 1993లో తెరుచుకుంది, వేలాది పిల్లలు అక్కడ నేర్చుకుంటున్నారు, పక్షులూ వస్తున్నాయి. ఆ తగువులో నా మొగ్గు అభ్యంతరం చెప్పినవాళ్ళ వైపే కొంత. పాఠం కోసం నీటి ఒడ్డుకు పోవాలిగానీ, ఒడ్డునే కప్పే పాఠం కొంచెం ఎక్కువ అడుగుతుంది. కానీ అలా కోర్టుకెక్కి వాదించగలిగిన జనం ఆ ఊళ్ళలో తయారై ఉండటమే ముందు తరాల పని ఫలించిందనడానికి గుర్తు.

పట్నంలో ఈ పని వేరే రూపం తీసుకుంది. 1989లో ఇంగ్లండులో జరిగిన సరీసృప, ఉభయచర శాస్త్రజ్ఞుల తొలి ప్రపంచ సభలో, ఎవరికి వారు తమ దేశంలోనే అనుకున్న కప్పల కరువు లోకమంతా ఉందని బయటపడింది. ఆ తర్వాత కొద్దికాలానికే టొరంటో జూ అడాప్ట్-ఎ-పాండ్ అనే కార్యక్రమం పెట్టింది. బడికో, కాలనీకో దగ్గర్లోని ఒక గుంటను దత్తత తీసుకోమని, అందులో ఏ కప్ప ఎప్పుడు కూసిందో రాసి పంపమని. కప్పను కంటితో చూడనక్కర్లేదు. స్ప్రింగ్ పీపర్ సన్నటి ఈల, బుల్‌ఫ్రాగ్ బొంగురు గొంతు ఒకసారి గుర్తుపడితే చిన్నపిల్లలైనా చెప్పగలరు. ఇలాగే కప్పల కూతలు లెక్కగట్టే ఫ్రాగ్‌వాచ్ అనే కార్యక్రమం వాళ్ళు అడిగేది సూర్యాస్తమయం తర్వాత మూడు నిమిషాలు నిలబడి వినమని. 1995లో లాంగ్ పాయింట్ కేంద్రంగా మొదలైన చిత్తడి పరిశీలన కార్యక్రమం కూడా కెనడా, అమెరికాల రెండువైపులా మహా సరస్సుల చుట్టూ స్వచ్ఛంద కార్యకర్తల చెవులనే నమ్ముకుంది. తాబేళ్ళ విషయానికి వచ్చేసరికి పట్నం రోడ్డే పెద్ద శత్రువు. స్నాపింగ్ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. అంత బతికిన ఆడ తాబేలు ఒక్కటి చక్రం కింద పడితే ఆ గుంటలో ఇంకో తరం ఉండకపోవచ్చు. బ్రాంప్టన్‌లో హార్ట్ లేక్ రోడ్డు చిత్తడి మధ్యగా పోతుంది. అక్కడ 2011 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు రోడ్డు వెంట నడిచి, చచ్చినవాటినీ బతికినవాటినీ లెక్కగట్టారు. ఆ లెక్క లేకపోతే రోడ్డు కింద తాబేలుకు దారి కావాలని నగరపాలక సంస్థను ఒప్పించే మార్గం ఉండేది కాదు.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. ఇన్ని లెక్కలు, ఇన్ని పాఠాలు ఉండి కూడా గుంటలు పోతూనే ఉన్నాయి కదా? ఇది మెత్తగా చెప్పుకునే విషయం కాదు. దక్షిణ ఒంటారియోలో వలసవాసులు రాకముందున్న చిత్తడి నేలల్లో 72 శాతం 2002 నాటికి పోయాయి. మానిటోబాలో బ్రోటన్స్ క్రీక్ అనే ఒక వాగు పరివాహకంలో 1968కీ 2005కీ నడుమ 70 శాతం గుంటలు ఎండిపోవడమో చెడిపోవడమో జరిగింది. కీమన్‌లు తిరిగిన నేలే అది. గోధుమ ధర పెరిగినప్పుడు, యంత్రం పెద్దదైనప్పుడు, ఒక గుంటను చుట్టిపోయే ఖర్చు రైతుకు కనిపిస్తుంది. గుంట వల్ల కిందనున్న విన్నిపెగ్ సరస్సుకు పోకుండా ఆగిన ఫాస్ఫరస్ కనిపించదు. చైతన్యం ధరతో పోటీపడలేదు, నిజమే. కానీ దానికి మందు కూడా అదే ఊళ్ళో పుట్టింది. గుంట ఉంచుకున్న రైతుకు ఏటా డబ్బివ్వాలన్న పథకాన్ని మానిటోబా రైతుల సంఘమే ముందుకు తెచ్చింది. దాని తొలి ప్రయోగం 2006లో బ్లాన్‌షర్డ్ మునిసిపాలిటీలో, బ్రోటన్స్ క్రీక్ పారే చోటే జరిగింది. మరుసటి ఏడాది ఒంటారియోలోని నార్ఫక్‌కు పాకింది. తన గుంట ఏం చేస్తుందో తెలియని రైతు దానికి కూలి అడగడు. తెలిసినవాడు అడుగుతాడు.

చట్టం ఒకటే చాలు, జనాన్ని బతిమాలడమెందుకు అనేవాళ్ళకు మన కొల్లేరు జవాబు. 1999లో అభయారణ్యం ప్రకటన వచ్చింది, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందమైన రామ్సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల కట్టలను యంత్రాలతో పగలగొట్టారు. చట్టం పూర్తి బలంతో పనిచేసిన సందర్భం అది. కానీ అక్కడి కుటుంబాల బతుకు ఏమవుతుందన్న ప్రశ్నకు వాళ్ళు నమ్మే జవాబు దొరకలేదు. చెరువులు చాలాచోట్ల మళ్ళీ వెలిశాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో మాత్రం ప్రతి ఏటా వచ్చే కొంగలను, పెలికాన్లను ఊరే కాచుకుంటుంది. పక్షి రాకను శుభంగా తలుస్తుంది. ఒకచోట ఊరు నిందితుడి స్థానంలో ఉంది, రెండోచోట కావలివాడి స్థానంలో ఉంది. కెనడాలో కూడా చట్టం అవసరమే, కానీ చట్టం ఒకసారి రాసినట్టే ఉండదు. 2022 చివర్లో ఒంటారియో ప్రభుత్వం ఇళ్ళ కొరత పేరుతో చిత్తడి నేలలకు విలువ కట్టే పద్ధతిని మార్చింది. పక్కపక్కనున్న చిన్న గుంటలను ఒక సముదాయంగా కాక విడివిడిగా తూచమంది; అంతరించే జాతి ఉందన్న కారణంతో వచ్చే మార్కులు తీసేసింది. విడిగా చూస్తే ఏ చిన్న గుంటా గొప్పగా కనిపించదు. ఇలాంటప్పుడు ఆ గుంటలో ఏ కప్ప పలికిందో, ఏ తాబేలు ఏ రోడ్డు దాటిందో తారీఖులతో సహా చూపించగలిగేది ఏళ్ళుగా రాసిపెట్టిన ఆ పక్కింటివాళ్ళే.

ఆ పక్కింటివాళ్ళలో ఇప్పుడు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. బ్రాంప్టన్, మిసిసాగా కొత్త కాలనీల్లో ప్రతి నాలుగు వీధులకూ ఒక వాననీటి కుంట ఉంటుంది. వరద ఆపడానికి తవ్వినవే అవి, అయినా బాతులు దిగుతాయి, ఎర్రరెక్కల బ్లాక్‌బర్డ్ జమ్ములో గూడు కడుతుంది. ఇవి అసలైన చిత్తడికి సాటి రావన్నది నిజం; ఉప్పు, నూనె, బురద పోగయ్యే చోట్లు. కానీ పిల్లవాడికి రోజూ కనిపించే నీరు అదే. ఆ నీటికి ఇప్పుడొచ్చిన పెద్ద బెడద ఇంట్లో పెంచి, విసుగొచ్చి వదిలేసిన గోల్డ్‌ఫిష్. ఆక్సిజన్ తక్కువైనా మంచు కింద చలికాలం గడిపేస్తుంది, కప్ప గుడ్లు తింటుంది, నీరు కలకపరుస్తుంది. ఆల్బర్టాలోని సెయింట్ ఆల్బర్ట్ పట్టణం గత దశాబ్దంలో తన వాననీటి కుంటల్లో వాటిని చంపడానికి నానా తంటాలు పడింది. చేపలను వదలవద్దని ఆ ప్రావిన్స్ ప్రచారం కూడా చేసింది. అలాంటి బోర్డు ఏ భాషలో రాసినా అది వద్దు అని మాత్రమే చెబుతుంది. మైనర్ వేటగాడిని అడిగినట్టు, లమ్స్‌డెన్ కుంటల యజమానులను అడిగినట్టు, ఈ కాలనీల కుటుంబాలను ఇంతవరకు ఎవరూ పెద్దగా ఏమీ అడగలేదు. తెలుగు సంఘాల ఉగాది సభలు జరిగేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. స్ప్రింగ్ పీపర్ కూయడం మొదలుపెట్టేదీ అప్పుడే. మీ వీధి కుంట పేరు ఇది, ఈ మూడు నిమిషాల లెక్క మీది అని ఆ సభలో ఒక కాగితం చేతికివ్వడానికి ప్రభుత్వ అనుమతి ఏదీ అక్కర్లేదు.